పుటలు కోయని పుస్తకం

ఉప్పుగుంటపాళెం,
విడవలూరు పోస్టు,
జూన్ 1962.

చెల్లెలు పుష్పకుమారికి అక్క ఆనందకుమారి ఆశీస్సులు.

నువ్వు గూడూరు వెళ్ళినప్పటి నుంచి ఒక ఉదయం నా మనసును వదలడం లేదు. విశేషమేమీ లేని ఉదయం. ప్రార్థన ముగించుకొని చెలమకు పోయాను. ఇసుకలో నీళ్ళు ఊరేదాకా కూర్చొని, ముంతతో తోడి బిందె నింపాను. తిరిగి వచ్చేసరికి నువ్వు దడి పక్కన నిలబడి బొగ్గుపొడితో పళ్ళు తోముకుంటూ పడవలు చూస్తున్నావు. మరదలు సువార్తమ్మ రాగి అంబలి కాస్తూ ఉంది. తమ్ముడు ఆనందబాబు చర్చి తాళంచెవులు జేబులో వేసుకొని వెళ్ళిపోయాడు. చెంచులక్ష్మి రొయ్యల గంప దించింది. నువ్వు వంగి చూస్తే, "చిన్నమ్మా, బడిపంతులమ్మ చూపు చూడబాక, రొయ్యలు ఇంకా చిక్కిపోతాయి" అన్నది. నువ్వు నవ్వావు. నువ్వు నవ్వి చాలా రోజులైందనుకున్నాను.

ఇద్దరం అరుగు మీద కూర్చొని రొయ్యలు ఒలుస్తున్నాం. కలరా వచ్చిన ఆ గత్తర సంవత్సరంలో పాలుతాగే బిడ్డను గదా, నేనెట్లా బతికానని అడిగావు. చెప్పాను. పాళెంలో ఇంటికొక శవం లేస్తూ ఉంది. నీకు కళ్ళు లోపలికి పోయాయి. అమ్మ పసుపునీళ్ళ కుండలో వేపమండలు పెట్టుకొని, పల్లెకారుల ఆడవాళ్ళతో కలిసి పోలేరమ్మ రాయి దగ్గరికి నడిచింది. సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి భార్య. నేను ఆమె కొంగు పట్టుకొని వెనక నడిచాను.

తమ్ముడికి అప్పటికి ఊహ తెలియదు. ఇప్పుడు సంఘంలో పెద్ద. నాయన పేరు చర్చి గోడ రాతిలో ఉంది. రొయ్యల ముందు అన్న మాట రొయ్యలతోనే పోయిందనుకో.

నీ నవల మద్రాసు నుంచి మళ్ళీ తిరిగి వచ్చిందన్నావు. గూడూరులో ఒకాయన చదివి చూస్తానన్నాడన్నావు. ఎవరాయన? రాయి.

అక్క


గూడూరు,
ఆగస్టు 1962.

అక్కకు పుష్ప వందనాలు.

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది. లేస్తే ప్రెస్సుకు పోవాలనిపిస్తోంది. పోతే అక్కడ నిలవలేను. బళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను.

ఆయన పేరు గంగాధరం. స్టేషను వెనక వీధిలో రెండు గదులు. ముందు గదిలో కాలితో తొక్కే అచ్చు యంత్రం, వెనక గదిలో కాపురం. నిమ్మకాయల మండీలకు బిల్లులు, పెళ్ళిళ్ళకు శుభలేఖలు, ఇదీ ఆయన బతుకు. ఏడాదికి ఒక్క పుస్తకం మాత్రం తనకు నచ్చింది వేస్తాడు. పేరున్న వాళ్ళది వెయ్యడు. ఎందుకండీ మీకీ బాధ అని అడిగాను. "బిల్లులు చూసి చించేస్తారమ్మా. చించకుండా దాచుకునేది ఒకటన్నా వెయ్యాల గదా" అన్నాడు.

నా రాతప్రతి తీసుకుని నెలరోజులు మాట్లాడలేదు. తరవాత పిలిచి, వేస్తాను, తొందరపెట్టొద్దు అన్నాడు. అంతే. మద్రాసు వాళ్ళు ఇన్నేళ్ళుగా చెప్పని మాట ఆయన గంజి తాగుతూ చెప్పాడు. ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు.

ఆయన దగ్గర సీసపు అక్షరాలు ఎనిమిది పుటలకే సరిపోతాయి. ఎనిమిది కూర్చి, అచ్చు తీసి, ఆ అక్షరాలనే విప్పి కిరసనాయిలుతో కడిగి గళ్ళలో వేసి, మళ్ళీ తరవాతి ఎనిమిదికి కూర్చాలి. అంటే అచ్చయిన పుటకు తిరుగు లేదు. నాకు అది నిద్ర పట్టనివ్వడం లేదు. మొన్న ఆయన, "మీ పుస్తకంలో ఏడుపులు ఎక్కువమ్మా, నా గళ్ళలో 'ఏ'లు తక్కువ" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికి వచ్చి రెండు ఏడుపులు కొట్టేశాను. కొట్టేశాక బాగానే ఉన్నట్టనిపించింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

నవల అంటున్నానే గాని అది మన పాళెమే. పేర్లు మార్చి చూశాను. మార్చగానే మనుషులు మాట్లాడటం మానేశారు. అందుకే ఉన్నవే ఉంచాను. అమ్మ గురించి ఒక అధ్యాయం ఉంది. ఆమె అంబలి, ఆమె పాటలు, ఆమె నడక.

పుష్ప


ఉప్పుగుంటపాళెం,
అక్టోబరు 1962.

పుష్పకు,

వానలు పట్టుకున్నాయి. పడవలన్నీ ఒడ్డునే బోర్లించి ఉన్నాయి. అందరం క్షేమం.

నీ పుస్తకం సంగతి తమ్ముడికి చెప్పాను. చాలా సంతోషించాడు. నాయన పేరు నిలబెడుతోంది అన్నాడు. కోతపండుగకు మొదటి ప్రతిని ప్రథమ ఫలంగా ఇద్దామని తనే అన్నాడు. పాస్టరుగారు ఒప్పుకున్నారు. వడ్లు, కోళ్ళు, గుమ్మడికాయలు, ఎండుచేపలు పెట్టే బల్ల మీదనే నీ పుస్తకం కూడా పెడతారు. ఆరాధన తరవాత అన్నిటితో పాటు వేలం వేస్తారు. మన పాళెంలో పుస్తకం కాయడం ఇదే మొదలు.

సంఘంలో అందరూ అది దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల పుస్తకం అనుకుంటున్నారు. నవల అని చెప్పాను. సువార్తమ్మ, "నవలంటే సాక్ష్యమే గదొదినా, రోంత పొడుగు" అన్నది.

ఒక మాట. ప్రథమ ఫలాన్ని ఇంట్లో ముట్టరు. తొలి గుమ్మడిని కోసి చూడం. తొలి గంపలో ఒక రొయ్య కూడా వండుకోం. పుస్తకానికైనా అంతే. పండుగ అయ్యేదాకా నేను చదవను. కోపం తెచ్చుకోకు.

అక్క


గూడూరు,
డిసెంబరు 1962.

అక్కా,

పెళ్ళిళ్ళ కాలం. నా పుస్తకం పక్కన పడుంది. శుభలేఖలు వేసుకునే వాళ్ళు వరుసగా వస్తున్నారు. ప్రెస్సులో కూర్చొని ఎవరెవరికో శుభం కోరుతూ ప్రూఫులు దిద్దుతున్నాను. ఆ పని త్వరగా అయితే నాది మొదలు పెడతాడు గదా అని. గంగాధరంగారి భార్య కామమ్మ నన్ను చూసి, "ఈమెకు జీతమన్నా ఇయ్యయ్యా, లేకుంటే ఇంటికన్నా పంపు" అంటుంది.

అమ్మ అధ్యాయం అచ్చయింది. ఆ సాయంత్రం బడి నుంచి నేరుగా పరుగెత్తాను, ఒకచోట మార్చాలని. అప్పటికే ఆయన అక్షరాలు కడుగుతున్నాడు. ఏం మార్చాలమ్మా అని అడిగాడు. నల్లటి కిరసనాయిలు తొట్టిలోకి కారుతుంటే చూస్తూ నిలబడి వచ్చేశాను.

అక్కా, ఆ ప్రథమ ఫలం సంగతి మానుకోండి. గుమ్మడికాయలు చాలు ఆ బల్ల మీదికి. మానుకోలేమంటే, ప్రతి రాగానే నువ్వు ముందు చదువు. అన్నకు ఇవ్వకముందే చదువు. అమ్మ అధ్యాయం మాత్రమైనా చదువు. నీ భక్తికి నేను అడ్డం కాదు. కానీ ఈ ఒక్కసారి నా మాట విను.

ఏం తిన్నా అరగడం లేదు.

పుష్ప


ఉప్పుగుంటపాళెం,
జనవరి 1963.

పుష్పకు,

అందులో నాకు చెప్పవలసింది ఏదైనా ఉంటే ఉత్తరంలో చెప్పు. ఇవ్వవలసిన దాన్ని కోసి చూడటం నా చేత కాదు. అమ్మ మనకు నేర్పింది అది.

శొంఠి కషాయం తాగు. నీ కోసం ప్రార్థిస్తున్నాను.

అక్క


గూడూరు,
ఫిబ్రవరి 1963.

అక్కా,

పుస్తకం పంపుతున్నాను. పుటలు కోయలేదు. నువ్వన్నావని కాదు, గంగాధరంగారి దగ్గర అంచులు కోసే యంత్రమే లేదు. కామమ్మ కాగితాలను కొబ్బరిచిప్పతో ఒత్తి మడిచి దారంతో కుట్టింది. కొన్నవాళ్ళే కత్తి పెట్టి కోసుకొని చదువుకోవాలి. ఆయన కొన్ని ప్రతులు సంచిలో వేసుకుని ప్లాట్‌ఫారం మీద రైళ్ళ వెంట తిరుగుతున్నాడు. నిన్న ఒకాయన కిటికీలో నుంచి చెయ్యి చాపి కొన్నాడు. రైలు కదిలిపోయింది. నా పుస్తకం ఎవరో తెలియని మనిషి చేతిలో ఎక్కడికో పోయింది. ఆ రాత్రి ఏడ్చాను.

నీకు చెప్పవలసింది ఉంది. పుస్తకంలో చెప్పాను. ఉత్తరంలో చెయ్యి ఆడటం లేదు. కోసి చదువక్కా.

పుష్ప


ఉప్పుగుంటపాళెం,
మార్చి 1963.

పుష్పకు,

నీ పుస్తకం అందిన రోజు కత్తి తీశాను. మళ్ళీ పెట్టేశాను. పెట్టేయడం సరి అనే అనుకున్నాను. పండుగ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వేలం వేసింది చర్చి కావలి మునెయ్య. నీ పుస్తకం పైకెత్తి, "మేక మాదిరి పారిపోదు, గుమ్మడి మాదిరి కుళ్ళదు, పాడండయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. సంఘపెద్దల్లో పెద్దవాడు యెహోషువగారు పాట పెంచుకుంటూ పోయారు. ఉపదేశిగారి బిడ్డ సాక్ష్యం వేరే ఇంటికి పోకూడదన్నారు. తమ్ముడి ముఖం ఆ రోజు వెలిగిపోయింది. నేను అట్లా చూసి చాలా కాలమైంది.

మరునాడు సాయంత్రం యెహోషువగారు తమ అరుగు మీద కూర్చొని, చదువురాని వాళ్ళందరినీ పిలిపించి, కత్తితో పుటలు కోస్తూ పైకి చదవసాగారు. సువార్తమ్మ కూడా పోయింది. మొదటి అధ్యాయాలకు నవ్వుతూ ఉన్నారట. అమ్మ అధ్యాయం వచ్చింది. అమ్మ కుండ ఎత్తుకొని పోలేరమ్మ దగ్గరికి బయలుదేరిన చోట ఆయన గొంతు తగ్గింది. కొంచెం దూరం లోలోపల చదువుకొని పుస్తకం మూసేశారు. వింటున్న వాళ్ళు, తరవాత ఏమైందయ్యా అని అడిగారట. ఆయన లేచి లోపలికి పోయారు. సువార్తమ్మ ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది గాని పొయ్యి వెలిగించలేదు.

తరవాత పెద్దలంతా మన ఇంటికి వచ్చారు. గట్టిగా ఒక్క మాట అనలేదు. కాఫీ కూడా తాగారు. నాయన చేత బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే అందరూ. వాళ్ళు అడిగింది రెండు. ఆ ఆకులు పుస్తకంలో నుంచి తీసెయ్యాలి. మట్టల ఆదివారం ఆరాధనలో నేను లేచి, అది కట్టుకథ, మా అమ్మ అట్లా పోలేదు అని చెప్పాలి. ఆ రోజులు గుర్తున్న మనిషిని మన ఇంట్లో నేనొక్కదాన్నే గనక నా మాట చాలునట. చెప్పకపోతే తమ్ముడు ఇక సంస్కారపు బల్ల దగ్గర రొట్టె అందించడానికి వీల్లేదు.

తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. సువార్తమ్మతో అన్నాడట: అమ్మ పోయింది సరే, నాయన ఊళ్ళో లేనప్పుడు దొంగగా పోయిందని రాసింది, నాయనను వెర్రివాణ్ణి చేసింది అని.

పుస్తకాన్ని యెహోషువగారు మన గడప మీద పెట్టి పోయారు. ఇప్పుడు చదివాను. నిన్ను ఒక మాట అనను. అమ్మ నడక అట్లాగే ఉంటుంది.

పెద్దలకు ఇంకా జవాబు చెప్పలేదు.

అక్క


గూడూరు,
మార్చి 1963.

అక్కా,

నీ ఉత్తరం చూసి వెంటనే రాస్తున్నాను. అన్న ముఖం ఎట్లా ఉందో ఊహించలేను. తప్పు నాది. రొయ్యలతో పోవలసిన మాటను నేను పోనివ్వలేదు. ఆ మాట విన్న రాత్రే దాన్ని అమ్మ అధ్యాయంలో రాయడం మొదలుపెట్టాను. నా ప్రాణం సంగతి గదా అనుకున్నాను. నాకు హక్కు ఉందనుకున్నాను. నాయన ఆ రోజు నెల్లూరులో ఉన్నాడని నేనే కల్పించాను. ఆయన్ను కాపాడుతున్నాననుకున్నాను. చూడు, కాపాడటం కూడా నాకు చేతకాలేదు.

గంగాధరంగారికి చెప్పాను. మొదటి పుట మీద అంటించడానికి చిన్న చీటీ అచ్చు వేస్తానన్నాడు. 'ఇందులోని మనుషులు, సంగతులు కేవలం కల్పితం' అని. వేసి ఇచ్చాడు కూడా. ఇచ్చి, "అంటించేది మీరే అంటించండమ్మా. ఆకులు కోసేది మీరే కొయ్యండి. నేను చదివి నమ్మి వేసినవాణ్ణి, నా చెయ్యి రాదు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. కామమ్మ మాత్రం మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, గిన్నె నా ముందు పెట్టి పోయింది.

మిగిలిన ప్రతులన్నీ చుట్టూ పేర్చుకొని కూర్చున్నాను. ఒకదానిలో అమ్మ ఆకులు కోశాను. కోశాక పుస్తకం నోట్లో పళ్ళు ఊడినట్టయింది. రెండోది తెరిచి మూసేశాను. లేచి తిరిగాను. మళ్ళీ కూర్చున్నాను. జిగురు ఆరిపోతోంది. నీళ్ళు కలిపాను. మళ్ళీ ఆరిపోతోంది.

అక్కా, నువ్వు సంఘంలో నిలబడొద్దు. నేనే వస్తాను. రాసింది నేను గనక అబద్ధమని నేనే చెబుతాను. నవల అంటే ఎట్లాగూ అబద్ధమే గదా అని లోకమంతా అనుకుంటుంది. అన్న బల్ల దగ్గర ఉంటాడు. నీ నోటితో అబద్ధం చెప్పే పని ఉండదు. నా ఒక్కదానితో పోతుంది. ఈ పుస్తకం లేకుండా ఇన్నాళ్ళు బతకలేదా? సరే అని ఒక్క ముక్క రాయి. బస్సెక్కుతాను.

పుష్ప


ఉప్పుగుంటపాళెం,
మార్చి 1963.

పుష్పకు,

రావద్దు. చీటీ అంటించవద్దు. కత్తి కామమ్మకు ఇచ్చెయ్యి.

నీ ఉత్తరం ఈ రోజు మధ్యాహ్నం వచ్చింది. సాయంత్రం కుటుంబ ప్రార్థన తరవాత తమ్ముణ్ణి కూర్చోమన్నాను. సువార్తమ్మనూ కూర్చోమన్నాను. నీ ఉత్తరం చదివి వినిపించాను.

తమ్ముడు ఉత్తరం తీసుకొని మడిచి నా ఒళ్ళో పెట్టాడు. తరవాత నాతో అన్నాడు: "ఒక్క మాటక్కా. కట్టుకథ అనేస్తే పోతుంది. నీ మనసు దేవునికి తెలవదా?"

"తెలుసు గనకనే అనలేను" అన్నాను.

అప్పుడు లేచి నిలబడ్డాడు. నాయన ఉండి ఉంటే అమ్మను గడప దాటనిచ్చేవాడా, దీన్ని ఇట్లా రాయనిచ్చేవాడా, ఆయన వాక్యం చెప్పిన నోరు, ఆయన పేరు రాతిలో ఉంది అని ఏమేమో అన్నాడు. అననిచ్చాను. ఇన్నాళ్ళుగా అనకుండా దాచుకున్నాడు.

నేను నీకు చెప్పనిది ఒకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు. అది నాయన మాట, నా మాట కాదనుకున్నాను. ఈ రోజు తమ్ముడికి చెప్పాను. నాయన నెల్లూరులో లేడు. ఇంట్లోనే ఉన్నాడు. నిండుకుండ ఒంటిమనిషి తలకెత్తుకోలేదు. అమ్మ వంగింది, వల్ల కాలేదు. నేను పిల్లదాన్ని, నా వల్లా కాలేదు. నాయన నిన్ను ఒళ్ళో నుంచి చాప మీద పడుకోబెట్టి వచ్చి, కుండ ఎత్తి అమ్మ తల మీద పెట్టాడు. లోపలికి పోయి నిన్ను మళ్ళీ ఎత్తుకొని కీర్తన చదువుతూ కూర్చున్నాడు. మేము తిరిగి వచ్చేదాకా ఆ గొంతు ఆగలేదు. వీధి మొదట్లోనే వినిపించింది. నీ పుస్తకంలో ఉన్న తప్పు అదొక్కటే. రెండో అచ్చు అంటూ ఉంటే దిద్దు.

తమ్ముడు బయటికి పోయాడు. దడి దగ్గర నిలబడ్డాడు. నేనూ సువార్తమ్మా కదల్లేదు. లోపలికి వచ్చి, నిజమేనా అక్కా అన్నాడు. నిజమే అన్నాను. సువార్తమ్మ తమ్ముడితో అన్నది: "మామ ఎత్తిన కుండను మనం దించేదేందయ్యా."

ఆ తరవాత ముగ్గురం ఒక మాటకు వచ్చాం. ఆకులు కోసేది లేదు. నువ్వు కోసిన ఆ ఒక్క ప్రతిని కామమ్మ చేత మళ్ళీ కుట్టించి ఇంటికి పంపాలి. ఆదివారం ముగ్గురం చర్చికి పోతాం. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంటాం. నేను లేవను. లేవమంటే, పోయింది నిజం అని మాత్రం చెబుతాను. నా ఆదివారపు బడి పిల్లలను ఎవరికి అప్పగించాలో వాళ్ళనే చెప్పమంటాను.

తమ్ముడు సంఘ పెద్దరికాన్ని వాళ్ళు అడగకముందే ఇచ్చేస్తానన్నాడు. వాళ్ళు తీసుకోవడం వేరు, నేను ఇవ్వడం వేరు అన్నాడు. కాగితం తీసుకొని రాయడానికి కూర్చున్నాడు. రెండు సార్లు మొదలుపెట్టి చింపేశాడు. తరవాత కలం నాకిచ్చి, నీకు ఇట్లా రాయమన్నాడు: "రాజీనామా దాన్నే రాసి పంపమను. ఈ ఇంట్లో ఉన్నదున్నట్టు రాసేది అదే గదా. కింద సంతకం నేను పెట్టుకుంటాను."

మట్టల ఆదివారానికి ముందే అందేటట్టు పంపు.

అక్క